మొదటి కప్పు

పొద్దుటి షిఫ్టు దిగి, ఇంటికైనా వెళ్ళకుండా నరసమ్మ మలేషియా రేవు ఊరు పోర్ట్ క్లాంగ్‌లోని చర్చి హాలు వంటగదిలో టీ కాస్తోంది. గోడౌన్‌లో పెట్టెలెత్తీ ఎత్తీ కుడి భుజం పైకి లేవడం లేదు. శనివారం పిల్లల క్లాసుకి టీ కాయడం కూడా ఆమె పనేనని గోడౌన్ యజమాని రేమండ్ ఎప్పుడో తేల్చేశాడు. దానికి కూలి లేదు. అది సేవట!

హాల్లో కాథరిన్ టీచర్ వివక్ష గురించి పాఠం చెబుతూ, ఎవరికేం జరిగిందో చెప్పమంది. నికొలస్ లేచాడు.

"అద్దిల్లు కోసం నాన్న ఫోన్ సేసినాడు టీచర్. మా పేర్లు ఇని, ఇండియనోళ్ళం కామనుకుని రమ్మన్నారు. ఎల్లాక మా మొకాలు సూసి, ఇల్లు ఇచ్చేసినాం అన్నారు. అద్దెకియ్యబడునని బోర్డు ఇంకా గేటుకి ఏలాడతానే ఉంది."

ముందు కుర్చీలో రేమండ్ తొడ చరిచాడు. ఈ క్లాసుకి హాలు ఇప్పించిందీ, బిస్కెట్లు కొనేదీ ఆయనే. "రేసిజం అంటే అదే! బయపడకండి. ఎవుడైనా సరే, నిలదీసి అడగండి!"

నరసమ్మ కూతురు నంతిని ఆ మాట నమ్మింది. పదహారేళ్ళ పిల్ల, నమ్మదా మరి?

"అయితే అంకుల్, మీ గోడౌన్లో నికొలస్ నాన్నా మా అమ్మా ఒకే పని సేస్తారు. మా అమ్మకి కూలెందుకు తక్కువిస్తారు? టాయిలెట్లు మా అమ్మే ఎందుకు కడగాల?"

రేమండ్ ముఖం మాడిపోయింది. "ఆడోళ్ళు మగోళ్ళలాగ బరువులెత్తుతారేటి? టీచర్, ఈ పిల్ల సేత సారీ సెప్పించు. లేపోతే వచ్చే వారం హాలూ లేదు, దీని అమ్మకి పనీ లేదు."

ఇంతసేపూ ధైర్యం నూరిపోసిన కాథరిన్ గొంతు దిగిపోయింది. "పోనీ, సారీ సెప్పీయమ్మా. అంకుల్ పెద్దోరు."

ఛీ! ఊరవతలి తప్పులకే గాని, ఎదురుగా కుర్చీలో కూర్చున్నవాడి తప్పుకి ఈ పాఠం పనికిరాదు కాబోలు.

నంతిని కళ్ళ నిండా నీళ్ళు. తల్లి కోసం వంటగది వైపు చూసింది. గుమ్మంలో కెటిల్ పట్టుకుని నరసమ్మ నిలబడి ఉంది. అంతా విన్నది. ఆ ఇల్లు గడిచేది ఆమె కూలి మీదే.

ఈ హాల్లో ఎప్పుడూ మొదటి కప్పు రేమండ్‌కి, తర్వాత మగపిల్లలకి. ఆడపిల్లలు అందరికీ అందించి, మిగిలింది తాగి, కప్పులు కడగాలి. ఇలా ఎందుకని ఏ పాఠంలోనూ ఎవరూ అడగలేదు.

"టీ పొయ్యి నరసమ్మా," రేమండ్ కప్పు చాచాడు. "పోసి, నీ పిల్లకి బుద్ది సెప్పు."

నరసమ్మ ఆ కప్పు దాటి వెళ్ళింది. కూతురి ముందు కప్పు పెట్టి, ఎడమ చేత్తో నింపింది. కాస్త టీ బల్ల మీద ఒలికింది.

"పొద్దున్నుంచి నేనెత్తినవేటి బాస్, దూది మూటలా?" అని, కూతురి వైపు తిరిగింది. "తాగు. సారీ సెప్పకు."

"సోమవారం నుంచి రావొద్దు!" రేమండ్ అరిచాడు. చాచిన కప్పు మాత్రం దించలేదు.

నరసమ్మ కెటిల్ తీసుకెళ్ళి నికొలస్ చేతికిచ్చింది. "మిగతావోళ్ళకి నువ్వు పొయ్యి బాబూ. నాకు బుజం లేవట్లేదు."

నికొలస్ కెటిల్ పట్టుకుని, చాచి ఉన్న రేమండ్ కప్పునీ, ఖాళీ కప్పులతో కూర్చున్న ఆడపిల్లల్నీ చూశాడు. వాళ్ళ నాన్న పని కూడా ఆ గోడౌన్‌లోనే.