డొలీనా ఆవు వీపు గోక్కునే రాయి

ఈ పని చేసింది మీరే. కౌన్సిల్లో ఆ పొడుగాటి బల్ల చుట్టూ కూర్చున్న పదకొండుమందీ చేతులెత్తి మరీ మా స్ట్రాకారన్ లోయ బస్సును చంపారు. ఎక్కేవాళ్లు లేరని కాగితం మీద రాశారు. ఎక్కేవాళ్లం ఇరవై ఇద్దరం. పేర్లు రాసి పంపాను, మీరు విప్పి కూడా చూడలేదు. ఆ నెలలోనే అదే రోడ్డు మీద పర్యాటకుల బస్సు వేశారు. పొద్దున్నే రేవు దగ్గరి హోటల్ నుంచి బయల్దేరుతుంది, మధ్యాహ్నానికి పట్నం చేరుతుంది, సాయంత్రం తిరిగొస్తుంది. దారిలో చూడదగ్గ స్థలమని గోధుమరంగు బోర్డు ఉన్నచోట తప్ప ఎక్కడా ఆగకూడదట. అది మీ నిబంధనే.

ఆ బస్సు రోజూ డొలీనా మెకాస్కిల్ గేటు ముందునుంచే పోతుంది. డొలీనాకు డెబ్బై తొమ్మిదేళ్లు, రెండు కళ్లకూ శుక్లాలు. జూలై రెండో గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకు పట్నం ఆసుపత్రిలో కుడికంటికి ఆపరేషన్. ఆ రోజు తప్పితే మళ్లీ వరస చివరికి, అంటే ఇంకో పది నెలలు. అప్పటికే కోళ్లకు గింజలు వేయబోయి రెండుసార్లు బురదగుంటలో పడింది.

నా వ్యాను మార్చిలోనే మూలపడింది. లోయలో మిగతావాళ్లంతా ఆ వారం గొర్రెల ఉన్ని కత్తిరింపులో ఉంటారు. ఎవరినైనా బతిమాలతానంటే డొలీనా ఒప్పుకోలేదు. బస్సు గేటు ముందు పోతుంటే ఇంకొకళ్ల పని చెడగొట్టడం ఎందుకంది.

సరే, డ్రైవర్ని అడిగాం. అతను టోర్కిల్, డొలీనాకు మేనల్లుడి వరస. పాపం, వాడు తల గోక్కున్నాడు. బస్సులో కెమెరా ఉందన్నాడు, ఊరికే ఆపితే ఉద్యోగం ఊడుతుందన్నాడు. పోతూ పోతూ ఒక మాటన్నాడు.

"బోర్డుంటే ఆపక తప్పదత్తా. ఆ బోర్డు ఎవరు పెట్టారో అడగమని నా నిబంధనల్లో లేదు."

ఆ సాయంత్రమే నా కొట్టం తలుపుకున్న పలక ఊడదీసి గోధుమరంగు కొట్టాను. డొలీనా చేలో రోడ్డు పక్కనే నిలువెత్తు రాయి ఒకటుంది. ఆవు వీపు గోక్కోవడానికని ఆమె మొగుడు ట్రాక్టరుతో లాక్కొచ్చి పాతాడు. అప్పటికి నాకు పెళ్లయి ఏడాది. ఆ రాయికి మూడువేల ఏళ్ల వయసు కట్టాను. మా దగ్గర బోర్డంటే పైన ఇక్కడి పాత భాష గేలిక్, కింద ఇంగ్లీషు ఉండాలి. నాకు గేలిక్ రాయడం రాదు, డొలీనాను చెప్పమన్నాను. అక్కడ మొండికేసింది.

"ఇంగ్లీషులో నీ ఇష్టమొచ్చిన అబద్ధం రాసుకో. మా అమ్మ భాషలో మాత్రం నిజమే రాయి."

అందుకని కింద ఇంగ్లీషులో 'ప్రాచీన పూజాశిల, పది నిమిషాలు ఆగండి' అని రాశాను. పైన గేలిక్‌లో 'డొలీనా ఆవు వీపు గోక్కునే రాయి' అని ఆమె ఒక్కో అక్షరం చెబుతుంటే రాశాను.

గురువారం బస్సు ఆగింది. సన్నటి వానలో ముప్పైమంది దిగారు. ఒకాయన రాతి మీద అరచేయి ఆనించి కళ్లు మూసుకుని, లోపలినుంచి వెచ్చదనం వస్తోందన్నాడు. వస్తుంది మరి, దానికి ఆనుకుని పడుకున్న ఆవు అప్పుడే లేచి వెళ్లింది. వాళ్లు ఫొటోలు తీసుకుంటుండగా డొలీనా సంచీ పట్టుకుని బస్సెక్కి ముందు సీట్లో కూర్చుంది. వాళ్లను తిప్పి చూపించే అమ్మాయి వచ్చి, ఇది ఊరివాళ్లకు కాదు మేడమ్, పర్యాటకులకే అంది.

"పట్నం మొహం చూసి ఎనిమిదేళ్లయింది తల్లీ. నాకంటే పెద్ద పర్యాటకురాలు ఈ బస్సులో ఎవరున్నారో చూపించు" అంది డొలీనా.

బస్సంతా నవ్వింది. రాయిని తడిమినాయన తన దుప్పటి తీసి ఆమె మోకాళ్ల మీద కప్పాడు. సాయంత్రం కంటికి కట్టుతో, అదే బస్సులో, అదే రాయి దగ్గర దిగింది.

తరవాత మీ ఆఫీసరు టేపు పట్టుకుని వచ్చాడు. బోర్డు పీకేస్తాడనుకున్నాను. రాయిని కొలుచుకుని, ఫొటో తీసుకుని, నాతో చేయి కలిపి మరీ పోయాడు. నెల తిరక్కుండా పర్యాటకులకు పంచే మీ రంగుల పుస్తకంలో మా రాయి ఎక్కింది, రెండు భాషల్లోనూ, ఉన్నది ఉన్నట్టు. మీ పదకొండుమందిలో గేలిక్ చదివేవాళ్లు ఒక్కరూ లేరని అప్పుడే తెలిసింది. ఇంకా గేలిక్ మాట్లాడే దీవుల్లో మాత్రం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు.

ఇప్పుడు బస్సు రోజూ ఆగుతోంది. మీరేమో ఆ అమ్మాయి ఫిర్యాదు విని, ఊరివాళ్లు ఎక్కకూడదని కొత్త నిబంధన రాశారు. ఆవు గోక్కునే రాయికి ఉన్నపాటి మర్యాద మనిషికి లేకపోయింది.

డొలీనా ఎడమకన్ను ఇంకా మిగిలే ఉంది. సెప్టెంబరు మూడో గురువారం దానికి ఆపరేషన్. మీ పుస్తకం మీరే ఉంచుకోండి, ఆవుకేమీ అభ్యంతరం లేదు. ఆ నిబంధన మాత్రం ఈ వారంలో కొట్టేయండి. ఆ పొద్దున పదింటికి ఆమె రోడ్డు మీద నిలబడి ఉంటుంది, పక్కన మేం ఇరవై ఒక్కమందిమీ ఉంటాం. బస్సు తలుపు తీయించండి.