ఆరుద్ర పురుగు ఉరఫ్ నల్లి

నేను ఒక పురుగును. తొందరపడి చెప్పు తీయకండి, కొడితే మీ చెప్పుకే నష్టం. నా వీపు అల్యూమినియం టిఫిన్ డబ్బా మూత. నా కాళ్ళు విరిగిన గొడుగు ఊచలు. పొట్టలో ఉన్నది పాత సెల్‌ఫోన్ బ్యాటరీ. పైన కప్పుకున్నది మాత్రం అసలు సిసలు ఎర్ర వెల్వెట్. లోపల ఎంత తుక్కు ఉన్నా పైగుడ్డ మంచిదైతే సరుకు నిలబడుతుందని పుట్టిన రోజే తెలుసుకున్నాను.

పుట్టింది తెనాలిలో, శేషుకుమారి మ్యాచింగ్ సెంటర్ మేడ మీద. కింద జాకెట్టు గుడ్డలు, లైనింగులు, లేసులు అమ్ముతారు. ఆదివారం పూట పైన కొందరు పెద్దవాళ్ళు సంఘంగా చేరి పురుగుల్ని తయారుచేస్తారు. నిజం పురుగుల్ని తరిమేందుకు డబ్బు తగలేసే మనుషులే, వాటిలా నడిచే బొమ్మల కోసం సెలవురోజు కూడా తగలేస్తారు. ఇందులో లాభమేమిటో నాకు చాలాకాలం అంతుపట్టలేదు. కింది బేరాలు వింటూ పెరిగాను కనుక నాకు లోకమంతా ఇచ్చిపుచ్చుకోవడంగానే కనిపిస్తుంది.

నన్ను తయారుచేసింది కృపావరం. మిగతా రోజుల్లో అతను డయాగ్నస్టిక్ సెంటర్లో రక్తం తీస్తాడు. ఆ చెయ్యి ఎంత తేలికంటే, నా ఒంట్లో తీగ గుచ్చినప్పుడు నాకూ నొప్పి తెలియలేదు. సంఘం దగ్గర మిగిలినవి ఆరు మోటార్లే కనుక నాకు ఆరు కాళ్ళు పెట్టాడు. మూడు నేల మీద ఆని ఉంటే మూడు గాలిలో లేస్తాయి, తర్వాత ఇవి దిగి అవి లేస్తాయి. సగం కాళ్ళు అప్పుడప్పుడూ ఆకాశంలో ఉన్నా మిగిలిన సగం నేలను వదలకూడదు. వ్యాపారం చేసేవాడు ఎవడైనా పురుగు దగ్గర నేర్చుకోవలసింది ఇదే.

నా మీద వెల్వెట్ ముక్క కప్పి, కింద దూది కుక్కి గుండ్రంగా చేసింది శేషుకుమారి. చూసినవాళ్ళంతా ఒక్కసారి నోరు తెరిచారు. తొలకరి తడికి నేల మీదికి వచ్చే ఆరుద్ర పురుగులాగే ఉన్నానట. "అదృష్టమక్కా! ఆరుద్ర పురుగు కనపడితే ఆ ఏడు పంట తిరుగులేదంటారు," అన్నాడు కృపావరం. ఆ పేరే ఖాయమైంది.

పేరు శుభమైనదే గానీ కాలం కలిసిరాలేదు. ఆ ఇల్లు ఉమ్మడి ఆస్తి. కింద దుకాణం శేషుకుమారిది, పైన మేడ ఆమె మరిది వెంకటరత్నం వాటా. ఒక ఆదివారం ఆయన మెట్లెక్కి వచ్చి, నేల మీద పాకుతున్న నన్ను తప్పించుకుని నిలబడ్డాడు.

"ఏందొదినా ఇది? పెద్దోళ్ళంతా కూర్చుని పురుగులాట! పరుపుల గురవయ్యగారు దసరా సరుకు పెట్టుకోడానికి గోడౌను వెతుకుతున్నారు. ఈ మేడ ఆయనకి ఇచ్చేస్తున్నా."

"కాస్త ఆగు రత్నం. సైన్సు మేళాలో పురుగుల పోటీ ఉంది. గెలిచొస్తే మేడ జోలికి రాకూడదు."

"ఓడితే?"

"నా చేత్తో నేనే గురవయ్యగారికి తాళం ఇస్తా."

వేరే చోటు దొరికే వీలు లేదు. మేడ పోతే సంఘం పోయినట్టే. ఆ భారమంతా గొడుగు ఊచల మీద పడింది. ఎవరి ఇంట్లోనూ చోటు లేని వాళ్ళ సరదాకు నేను హామీగా నిలబడ్డాను. బేరంలో హామీ ఉండేవాడి గతి ఏమిటో అందరికీ తెలిసిందే.

పోటీలో న్యాయనిర్ణేత అంజనీదేవిగారు, కాలేజీలో జంతుశాస్త్రం లెక్చరర్. నన్ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు.

"ఆరుద్ర పురుగుకి కాళ్ళెన్ని బాబూ?"

"ఆరండీ."

"ఎనిమిది. అది సాలెపురుగుల కులం. ఇది ఆరు కాళ్ళ కీటకాల పోటీ. పైగా మీరు చేసింది ఆరుద్ర పురుగూ కాదు."

కృపావరం మొహం లైనింగు గుడ్డలా తెల్లబడింది. "చిన్నప్పుడు అగ్గిపెట్టెల నిండా పట్టుకున్నామండీ. కాళ్ళు మాత్రం లెక్కపెట్టలేదు."

చూశారా, వాన పడితే చాలు చేతిలో పెట్టుకుని ముద్దుచేసే జీవం కాళ్ళు ఎన్నో ఊళ్ళో ఒక్కరూ చూడలేదు. శుభం అని తెలిస్తే చాలు, మనిషి ఇక సరుకు విప్పి చూడడు.

శేషుకుమారి మాత్రం కొట్లో నిలబడ్డట్టే నిలబడింది. అడిగిన రంగు లేకపోతే దగ్గర రంగు చూపించడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య.

"పోనీ మేడమ్, ఎర్రగా, గుండ్రంగా, ఆరు కాళ్ళతో ఉండేది ఇంకేముంది?"

అంజనీదేవిగారు ఆలోచించి నవ్వారు. "నల్లి ఉందమ్మా. కానీ అది బల్లపరుపుగా ఉంటుంది."

"ఇది కడుపు నిండిన నల్లి మేడమ్. రాసుకోండి."

"అక్కా!" కృపావరం అడ్డుపడ్డాడు. "ఆరుద్ర పురుగెక్కడ, నల్లెక్కడ?"

"ఊరుకోరా. నువ్వు పొద్దస్తమానం చేసేదీ నల్లి పనేగా!"

అలా క్షణంలో శుభశకునం నుంచి మంచం కోళ్ళ సందుకు దిగాను. పేరు మారినంత తేలికగా నడక మారదు కదా. ఇసుక పళ్ళెంలోకి దిగగానే వెల్వెట్ అంచులకు ఇసుక పట్టింది. అందం కోసం కట్టిన గుడ్డే కాళ్ళకు అడ్డం పడింది. మూడు కాళ్ళు లేచాయి గానీ దిగలేదు. బహుమతి ఎవరిదో గొల్లభామ ఎగరేసుకుపోయింది. మాకు పాల్గొన్నట్టు ఒక ప్రశంసాపత్రం ఇచ్చారు. 'నల్లి' అని పెద్దక్షరాలతో రాసి ఉన్న ఆ కాగితాన్ని కృపావరం ఏడవలేక, వీధిలోకి కనపడేలా మేడ తలుపుకు అంటించాడు.

మాట ప్రకారం శేషుకుమారి తాళం తీసి చేత్తో పట్టుకుంది. గురవయ్యగారు వెంకటరత్నంతో కలిసి మెట్లెక్కి వచ్చారు. తలుపు దగ్గర ఆగిపోయారు.

"ఏందయ్యా ఇది, నల్లి అని రాసుంది?"

"మా నల్లికి ఇచ్చారండీ," అన్నాడు కృపావరం. అబద్ధం ఆడడం అతనికి చేతకాదు.

"మీ నల్లికా?"

"అవునండీ, ఇక్కడే తయారుచేశాం."

వెంకటరత్నం కంగారుపడ్డాడు. "గురవయ్యగారూ, అది నిజం నల్లి కాదండీ. మిషను!"

"మిషను పెట్టి చేస్తున్నారా!"

నమ్మకం కుదర్చాలని కృపావరం నన్ను నేల మీద వదిలాడు. అరచేయంత ఎర్రటి నల్లినై, ఎన్నడూ లేనంత చక్కగా, మూడు కాళ్ళు వేస్తూ మూడు తీస్తూ ఆయన పాదాల వైపు నడిచాను. గురవయ్యగారు నన్ను తేరిపార చూసి, పంచె కొంచెం పైకి పట్టుకున్నారు.

"బొమ్మని నాకు తెలిసిందయ్యా. నా దగ్గర కొనేవాళ్ళకి తెలియద్దూ? వస్తుంటే వీధి మొదట్లో ఆటోవాడిని అడిగితే 'నల్లులమేడా?' అన్నాడు. నల్లులమేడ నుంచి పరుపులు దింపితే దసరాకి ఒక్క పోగు దూది కదలదు. వస్తానమ్మా."

ఆయన మెట్లు దిగిన చప్పుడు ఆగాక వెంకటరత్నం తల పట్టుకున్నాడు.

"ఇంక ఈ మేడ ఎవడు తీసుకుంటాడొదినా?"

"తీసుకున్నోళ్ళు ఉన్నారుగా," అంది శేషుకుమారి. తాళం బొడ్లో దోపుకుని కింద గిరాకీ చూసుకోవడానికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు నా మోటార్లు కొత్తగా తయారవుతున్న మిడతకు వెళ్ళాయి. నేను వీధి వైపు కిటికీలో కూర్చుని ఉంటాను. ఊరంతా మా ఇంటికి ఆ పేరే స్థిరపరచింది. లేసు కావాల్సినవాళ్ళు కూడా నల్లులమేడ అనే అడిగి వస్తున్నారు. శుభమైన పేరు తొలకరికి ఒక్కసారే పనికొస్తుంది. చెడ్డపేరు ఏడాది పొడుగునా కాపలా కాస్తుంది.