నర్సన్న కోసం కొన్న లెన్సు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కదలొద్దంటే కదిలేవాళ్లను, తీరా ఫోటో చేతికిచ్చాక "మొఖం నల్లగొచ్చింది" అని సణిగేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. పుట్టుకతో వచ్చిన నలుపుకు నేనేం చేసేది? బోధన్‌లో స్టూడియో పెట్టిన కొత్తలో సగం మంది నా నోటికి జడిసే వేరే దగ్గరికి పోయారు. హన్మవ్వ మాత్రం నా నోటికి జడవలేదు. ఆమె మేలు నేను మరవలేను.

అరవై నాలుగో సంవత్సరం, భాద్రపదం. నా దుకాణం మెట్ల దగ్గర నిలబడి, కొంగు కింద దాచిన పటం ఒకటి బయటికి తీసింది. చక్కెర ఫ్యాక్టరీలో చెరకు సీజన్ ముగిసిన రోజున పనివాళ్లంతా కలిసి దిగిన గ్రూప్ ఫోటో అది. వెనక వరసలో, తలకు తెల్ల రుమాలు చుట్టుకున్న ఒకతని ముఖానికి సరిగ్గా పైన, అద్దం మీద కుంకుమ బొట్టు ఉంది. ముఖం పెసరగింజంత.

"గీడు నా కొడుకు నర్సన్న. పోయినేడు జెరమొచ్చి పోయిండు. గీన్ని ఒక్కన్ని పెద్దగ జేసియ్యి బిడ్డా. పెత్రమాస వస్తుంది గద."

పెత్రమాస అంటే పోయినవాళ్ల పేరు చెప్పి బియ్యం ఇచ్చే అమావాస్య. "గప్పటికి ఇస్తలే అవ్వా" అన్నాను, పని ఎంత కష్టమో ఆలోచించకుండానే.

ఆమె కదల్లేదు. "పండుగ కోసమే గాదు బిడ్డా. వాని గొంతు యాదికొస్తది. నడక యాదికొస్తది. మొఖమే యాదికొస్తలేదు. కన్నతల్లి కొడుకు మొఖం మర్సిపోతదా? ఎవలికన్న జెప్తే నవ్వుతరని నీకు జెప్తున్న."

పటం తీసుకుని లోపల పెట్టాను.

నా కెమెరా రేంజిఫైండర్. ఫ్యాక్టరీలో పనిచేసి బదిలీ మీద వెళ్లిపోయిన ఇంజనీరు దగ్గర కొన్నది. దాని కిటికీలోంచి చూస్తే ఎదుటి మనిషి మధ్యలో ఇద్దరుగా కనిపిస్తాడు. లెన్సు తిప్పుతూ పోతే ఇద్దరూ కలిసి ఒకరవుతారు, అప్పుడు నొక్కాలి. కెమెరా బంగారం. లెన్సు మాత్రం వానాకాలం తేమకు లోపల బూజు పట్టిపోయింది. ముడతలు కనిపించకుండా ఫోటోలు పడతాయని కొందరు ఆడవాళ్లు దాన్నే మెచ్చుకునేవారు, అది వేరే సంగతి. దానితో నర్సన్నను తీసి పెద్దది చేస్తే ముఖం కాదు, జావ వచ్చింది. మళ్లీ తీశాను. మళ్లీ జావే.

మర్నాడే బస్సెక్కి నిజామాబాద్ పోయాను. అక్కడ లక్ష్మీరాజం అన్న అని గడియారాలు బాగుచేస్తూ పాత కెమెరాలు, లెన్సులు అమ్మేవాడు ఉండేవాడు. నా కెమెరాకు పట్టేవి ఆయన దగ్గర రెండే ఉన్నాయి. ఒకటి పెద్ద నోరున్నది, అద్దం తళతళలాడుతూ, చూస్తేనే కొనాలనిపించేది. రెండోది చిన్నది, రంగు పోయి, సీసా మూతలా ఉంది.

"అన్నా, గా పెద్దది ఇయ్యి" అన్నాను.

"దేనికి?"

చెప్పాను. పటం చూపించాను. ఆయన బొట్టు వైపు కాసేపు చూశాడు.

"అయితే పెద్దది నీకు అమ్మ."

నాకు చర్రున లేచింది. "ఎందుకమ్మవు? కొనే మొఖం లెక్క కనవడ్తలేనా?"

"జర ఇనురా నాయనా! గంత నోరు ఎందుకుంటది? సీకట్ల తియ్యనీకి. పూరా తెరిస్తే అంచులన్ని అలుక్కపోతయి. నువ్వు తీసేది కాయితం మీది బొమ్మ. అది ఉరుకదు, పారిపోదు. ఎండల పెట్టి నిమ్మలంగ తీస్కో. మన దిక్కు ఎండకేమన్న కరువా? గీ చిన్నదానికి వెలుతురు ఎక్కువ గావాలె, గంతే. ధర తక్కువ. పిట్ట కొంచెం, కూత ఘనం."

"చౌకది నాకు అంటగడుతున్నవ్."

ఆయన నా కంటే కోపిష్టి అని అప్పుడే తెలిసింది. రెండు లెన్సులూ కాగితంలో చుట్టి, దగ్గరి బొమ్మలు తీయడానికి వేసే ఇత్తడి రింగు కూడా పెట్టి నా చేతిలో కొట్టాడు. "రెండూ తీస్కపో! ఇంటికాడ సూస్కో! వద్దన్నది మల్ల తెచ్చియ్యి!" అన్నాడు. ఆయనకు నా పేరు తప్ప ఇంకేమీ తెలియదు. ఊరు దాటి పోయేవాడి చేతిలో అంత సరుకు పెట్టే వ్యాపారిని నేను మళ్లీ చూడలేదు.

మా ఇంట్లో లెన్సు పరీక్షకు కావలసిన సరంజామా ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. నా భార్య గంగమణి బీడీలు చేస్తుంది. తునికాకు మీద పెద్ద ఈనెలు, వాటి మధ్య సన్న ఈనెలు, వాటి మధ్య ఇంకా సన్నగా వల అల్లినట్టు ఉంటాయి. లెన్సు మంచిదో చెడ్డదో ఆ వల చెబుతుంది. గోడ మీద మధ్యన ఒక ఆకు, నాలుగు మూలలా నాలుగు ఆకులు ముళ్లతో గుచ్చాను. స్టూలు మీద కెమెరా పెట్టి, మిట్టమధ్యాహ్నం ఎండలో రెండు లెన్సులతోనూ తీశాను. ఫిల్ము కడిగి, ఆరబెట్టి, భూతద్దం గంగమణికి ఇచ్చాను. ఆకుల సంగతి ఆమెకే బాగా తెలుసు.

"పెద్దదాంట్ల నడిమి ఆకు మంచిగున్నది. మూలలున్నయి మాత్రం నానవెట్టి నలిపినట్టున్నయి. పైన పటారం లోన లొటారం" అంది. రెండోది చూసి, "అబ్బో! గీ మూలాకుకు పురుగు తిన్న బొక్క గూడ కనవడుతుంది. నీదంత లెన్సుల పిచ్చి గని, ఆకును సూసినట్టు నన్ను ఒక్కనాడన్న సూసినవా?" అంది.

"నీకు బొక్కలు లేవు గద" అన్నాను. భూతద్దం నా మీదికి విసిరింది. దాన్ని పట్టుకునేటప్పటికి నాకు ప్రాణం పోయి వచ్చింది.

చిన్న లెన్సు ఉంచుకుని, పెద్దదాన్ని, చిన్నదాని డబ్బులతో సహా లక్ష్మీరాజం అన్నకు ఇచ్చొచ్చాను. పటం అద్దం ఊడదీసి, ఫోటోను ఎండలో పలక మీద అంటించాను. అంత దగ్గరికి పోతే కెమెరా కిటికీ పనిచెయ్యదు, అందుకని దూరం దారంతో కొలిచాను. ఎర్రలైటు కింద, మందు నీళ్లలో కాగితం మీద ముఖం మెల్లగా తేలింది. మీసం వచ్చింది. రుమాలు కుట్టు వచ్చింది. చెవి పోగు కూడా వచ్చింది. నేను వేసిన కేకకు గంగమణి ఆకుల చాట పక్కకు నెట్టి పరిగెత్తుకొచ్చింది.

లెన్సు ఎట్లా దొరికిందో చెప్పి చేతికిస్తే, హన్మవ్వ ఆ బొమ్మను వాకిట్లో ఎండకు పట్టుకుని చూసింది. కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది.

"గీడు మావోడు గాదు బిడ్డా."

"గాకపోవుడేంది?" అని అరిచాను. "నువ్వే గద జూపెట్టినవ్!"

"గీడు దేవన్న. మావోనితోని పనిజేసెటోడు. ఇద్దరికీ ఒక్కతీరు రుమాలు, నా కండ్లకు ఆనలేదు. అయ్యో, బతికున్నడు బిడ్డా! బతికున్నోనికి ఏడాది సంది బొట్టు వెట్టిన, ఊదుబత్తి ముట్టిచ్చిన!" అంటూ నోరు కొట్టుకుంది.

నా కోపం చప్పున చల్లారిపోయింది. బతికున్నవాడి పటానికి బొట్టు పెట్టడమంటే మా వైపు చావును పిలవడమే. దేవన్నను కళ్లారా చూస్తే గానీ ఇంటికి పోనంది. ఆమెను రిక్షాలో ఎక్కించుకుని దేవన్న వాడకు పోయాను.

దేవన్న వాకిట్లో మంచానికి నులక బిగిస్తున్నాడు. హన్మవ్వ వెళ్లి అతని తల, భుజాలు తడిమింది. "మంచిగున్నవా కొడుకా? జెరం గిట్ల వచ్చిందా?"

సంగతి విని అతను పగలబడి నవ్వాడు. "గందుకేనా అవ్వా! గీ ఏడు నాకు పడిశం గూడ పట్టలే. నువ్వు మొక్కిన మొక్కులన్ని నాకే ముట్టినయి!"

ఆమె అప్పుడు ఏడ్చింది. భయం తీరి ఏడ్చింది. దేవన్న పటం అందుకుని తన పక్కనున్న మనిషి మీద వేలు పెట్టాడు.

"గీడు నర్సన్న. ఫోటో దీసెటాయన కదలొద్దని మొత్తుకుంటుంటే, నేను మెల్లగ ఒక మాటన్న. వీడు ఆపుకోలేక నవ్వి నా దిక్కు తిరిగిండు."

"గా మొఖం లేనోడా?" అంది హన్మవ్వ.

ఆ చోట రుమాలు కింద తెల్లటి మరక తప్ప ఏమీ లేదు.

ఇంటికొచ్చి మళ్లీ తీశాను. ఎంత మంచి లెన్సయినా కదిలిన మనిషిని నిలబెట్టలేదని తెలిసీ తీశాను. కాగితం గరుకు కూడా స్పష్టంగా పడింది గానీ కళ్లు రెండూ రెండు చారలు. వంగిన మెడ ఉంది, ఎత్తిన భుజం ఉంది, పళ్ల తెలుపు ఉంది. అంతే. నాకు ఏడుపొచ్చినంత పనయింది. పాడైందని చెప్పి చింపేద్దామనుకున్నాను.

"ఆమె కొడుకు, ఆమె సూస్కుంటది. వద్దనెటందుకు నువ్వెవలు?" అంది గంగమణి. ఆ మాటకు ఆమెకు ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

పెత్రమాస ముందు రోజు హన్మవ్వ వచ్చింది. "మంచిగ రాలేదవ్వా" అని నేను ముందే చెప్పాను. "నా చేతుల్లో లేకపాయె. కదిలిండు."

ఆమె బొమ్మను ఎండకు పట్టింది. దగ్గరికి తెచ్చింది, దూరం పెట్టింది. ఒక్కసారిగా నవ్వింది.

"గిట్లనే బిడ్డా! అచ్చం గిట్లనే! బువ్వ దినేటప్పుడు గూడ నిలవకపోతుండె. నవ్వొస్తే మెడ గిట్ల వంచుడే" అంటూ తన మెడ వంచి, భుజం ఎత్తి చూపించింది. "నీ సేతులు సల్లగుండ! గా లెన్సు ఇచ్చినాయన పిల్లలు సల్లగుండ!"

అక్కడే మెట్టు మీద కూలబడి, బొమ్మను గుండెకు ఆనించుకుని కళ్లు మూసుకుంది. కళ్లు తిరిగాయేమోనని నేను కంగారుపడి నీళ్ల చెంబు తెచ్చాను.

"ఏమైందవ్వా?"

"జర ఆగు బిడ్డా" అంది, కళ్లు తెరవకుండానే. "కండ్లు మూసినా కనవడుతుండు."