జూన్ నెలలో వానవేణువు

జూన్ నెల, ఆ కొండసీమలో నడి చలికాలం. విల్మా ఉత్త కాళ్ళతో, చేలో పరిచిన బంగాళాదుంపల్ని తొక్కుతోంది. రాత్రి చలికి రాయిలా గడ్డకట్టి, పొద్దుటెండకి మెత్తబడ్డ దుంపలు కాళ్ళకింద చిట్లి నీళ్ళు కక్కుతున్నాయి. ఇంకో మూడు రాత్రులు ఇలాగే గడ్డకడితే ఎండి, పాడవకుండా నిలవుండే చున్యో అవుతాయి. ఏడాది పొడుగునా ఆ ఇంటి తిండి అదే. ఈలోపు ఒక్క వాన పడిందా, చేనంతా కుళ్ళు.

"గట్టిగా తొక్కవే. పట్నం పోయి కాళ్ళు దూదయ్యాయి," అంది అమ్మమ్మ సతుర్నీనా.

"నా పని కాళ్ళతో కాదు కదా అమ్మమ్మా, కంప్యూటర్‌తో."

"అయితే దాన్నే పిలు, వచ్చి తొక్కుతుంది."

విల్మా నవ్వింది కానీ ఆ పని ఏమిటో చెప్పలేదు. ఫిబ్రవరిలో, కార్నివాల్ పండక్కి, ఫెర్మిన్ మామ ఊదిన వేణువుని ఫోన్‌లో రికార్డు చేసి పట్టుకుపోయింది. అప్పుడే మామ చెప్పాడు, "ఇది వానని పిలిచేది. ఇక వానలు చాలు, రేపట్నుంచి మూటకట్టి దాచేస్తాం. మళ్ళీ నవంబరులో పితరుల పండక్కే తీసేది." ఆమె తలూపింది. ఎల్ ఆల్టో పట్నంలో తన గదిలో ఆ ఊదుడిని ముక్కలు చేసింది, సాగదీసింది, డప్పు కలిపింది. చివరికి అది వేణువులాగే అనిపించలేదు. వేణువే కానప్పుడు కాలంతో పనేముందనుకుని, రెండు వారాల కింద ఇంటర్నెట్‌లో అందరికీ వదిలింది.

మధ్యాహ్నం రోడ్డు మీద మినీబస్సు ఒకటి పాట పెట్టుకుని పోయింది. చేనుకి అటు చివర దుంపలు తొక్కుతున్న ఫెర్మిన్ మామ ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"అది నా ఊపిరి," అన్నాడు మెల్లగా. "ఎవరు పెట్టారది?"

"నేనే మామా. కానీ అది వేణువు కాదు, ముక్కలు చేసి కలిపాను."

"కోడిని ముక్కలు చేస్తే కోడి కాకుండా పోతుందా పిల్లా?"

విల్మా తల దించుకుంది.

"ఎంతమంది దగ్గరుంది?"

"అరవై వేలు దాటింది."

"మేం పన్నెండు మందిమి ఊదితేనే వాగు పొంగేది," అన్నాడు మామ.

అప్పుడు ముగ్గురూ తూర్పు వైపు చూశారు. జూన్‌లో ఎప్పుడూ ఖాళీగా ఉండే ఆకాశం, కొండల వెనక నల్లగా ఉబ్బుతోంది.

విల్మా సిగ్నల్ కోసం గుట్ట మీదికి పరుగెత్తింది. పాట తీసేసి, రొప్పుతూ దిగొచ్చింది.

"తీసేశాను మామా."

"వాళ్ళ ఫోన్లలోంచి కూడానా?"

కింద రోడ్డు మీద ఇంకో బండి అదే పాటతో పోతోంది. గాలి తిరిగింది. గోరువెచ్చగా ఉంది.

మామ ఇంట్లోకి వెళ్ళి సికు తెచ్చాడు. వరసగా కట్టిన వెదురు గొట్టాలు, వానల్లేని కాలంలో ఊదేవి, చలిని తెచ్చేవి. అవి రెండు సగాలు. ఒకరు ఒక స్వరం ఊదితే తర్వాతి స్వరం రెండోవాళ్ళు అందుకోవాలి. రెండో సగం ఊదే అన్సెల్మో నిరుడు పోయాడు. మామ ఆ సగాన్ని విల్మా చేతిలో పెట్టాడు.

"ఆడపిల్లలు ఊదరురా," అంది అమ్మమ్మ.

"పిలిచింది ఆడపిల్లే కదమ్మా. వెనక్కి పంపేది కూడా అదే."

మామ ఊదాడు. విల్మా అందుకుంది. ఆలస్యంగా, వణుకుతూ. మళ్ళీ ఊదాడు. ఈసారి గొట్టంలోంచి వట్టి గాలి వచ్చింది. కంప్యూటర్‌లో అయితే ఆ తప్పుని చిటికెలో సరిదిద్దేది. ఇక్కడ మామ ఊరికే ఆమె కళ్ళలోకి చూసి, మళ్ళీ మొదలుపెట్టాడు.

సూర్యుడు మబ్బులోకి పోయాడు. అమ్మమ్మ గడ్డి తెచ్చి దుంపల మీద కప్పడం మొదలుపెట్టింది. సగం చేనుకి కూడా చాలదని ముగ్గురికీ తెలుసు. కాసేపటికి నడుం ఎత్తి, చెయ్యి చాపి గాలిని చూసింది. ఆ వేళకి చలికి వేళ్ళు కొంకర్లు పోవాలి. ఇంకా పోలేదు.

"ఆపకండి," అంది.