మూడో అంతస్తు నుంచి లాండ్రీ దాకా

ఆ ఆసుపత్రిలో అందరూ అతన్ని రూల్సాయన అనేవాళ్ళు. రోజూ వెనక గేటు నుంచి వచ్చేవాడు. ముందు గేటు నుంచి వస్తే లిఫ్టు పక్కనే, కానీ ఆ దారి లాండ్రీ కిటికీలను ఒరుసుకుంటూ పోతుంది. అందుకని జనరేటర్ గది చుట్టూ తిరిగి, మెట్లెక్కి మూడో అంతస్తు చేరేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయేది. ఎవరైనా అడిగితే, వ్యాయామం అనేవాడు.

కొత్త మందులు మనుషుల మీద ఎలా పనిచేస్తాయో చూసే ట్రయల్స్ అక్కడ చాలా జరిగేవి. ఏ ట్రయల్‌కి ఏ రోగి సరిపోతాడో వెతకడమంటే ఒకప్పుడు డాక్టర్లకి తల ప్రాణం తోకకొచ్చేది. ఫైళ్ళు తిరగేసి తిరగేసి తగిన మనిషిని పట్టుకునేసరికి ఆ మనిషికి జబ్బు ముదిరిపోయేది. రూల్సాయన ప్రోగ్రాము రాశాక ఆ బాధ తప్పింది. కంప్యూటరే ప్రతి రోగి వివరాలూ చదివేది, వయసూ రక్తమూ కణితి తీరూ వాడిన మందులూ సరిచూసి, ఫలానా మనిషికి ఫలానా ట్రయల్ అని చెప్పేది. కాదంటే ఎందుకు కాదో ఒక్క ముక్కలో చెప్పేది. దానికి ఆ రూల్సన్నీ నేర్పింది అతనే. "పెళ్ళిళ్ళ పేరయ్య కూడా ఇంత చక్కగా కుదర్చలేడయ్యా," అని పెద్ద డాక్టరు మెచ్చుకునేవాడు.

అతని వంశంలో సిగ్గేస్తే కాళ్ళు నేలలోకి దిగేవి. తాతకీ అంతే, నాన్నకీ అంతే. వేళ్ళో మడమలో దిగి, కాసేపటికి వాటంతటవే పైకొచ్చేవి. అతని కుర్చీ కింద పగిలిన పలకలు మార్చి మార్చి విసిగిపోయిన మేస్త్రీ ఒకరోజు, "ఇక్కడ ఇసక పోసి వదిలేస్తా సార్. మీకూ సుఖం, నాకూ సుఖం," అన్నాడు. అలాగే చేశాడు.

మొట్టమొదట ఆ పలకలు పగిలింది అక్క వచ్చిన రోజున.

అక్క కింద లాండ్రీలో ఇస్త్రీ చేసేది. అమ్మానాన్నా పోయాక ఇస్త్రీ దుకాణంలో పనికి కుదిరి అతన్ని చదివించింది ఆవిడే. ఇస్త్రీ బల్ల కింద కూర్చుని, పైనుంచి దిగే వెచ్చదనంలో అతను లెక్కలు చేసుకునేవాడు. అతనికి ఈ ఉద్యోగం వచ్చేనాటికే ఆవిడ ఆసుపత్రి లాండ్రీలో ఉంది. అతను చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం అన్నం క్యారియర్ పట్టుకుని మూడో అంతస్తుకి వచ్చింది. గదిలో పెద్ద డాక్టరూ, మందుల కంపెనీ వాళ్ళూ ఉన్నారు.

"ఎవరయ్యా ఈవిడ?" అన్నాడు పెద్ద డాక్టరు.

"లాండ్రీలో చేస్తుందండీ. తెలిసినావిడ," అన్నాడు అతను.

అక్క ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. "అవునండీ, తెలిసినదాన్నే," అని క్యారియర్ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. అతని పాదాలు పలకల్లోకి దిగబడ్డాయి. కంపెనీ వాళ్ళు మాట ఆపకుండానే చెరో రెక్కా పట్టి పైకి లాగారు.

ఆ తర్వాత ఆవిడ పైకి రాలేదు, ఇతను కిందికి పోలేదు. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకుంటూ ఉండగానే వెనక గేటు దారి అలవాటైపోయింది.

ఒకరోజు రోగులతో మాట్లాడి వివరాలు ఎక్కించే నర్సు విసురుగా గదిలోకి వచ్చింది.

"మీ కంప్యూటర్‌కి అసలు కళ్ళున్నాయా సార్?"

"ఏమైంది సిస్టర్?"

"ఊపిరితిత్తుల ట్రయల్‌కి మనుషులు దొరకట్లేదని పెద్ద డాక్టరు నెత్తీ నోరూ కొట్టుకుంటున్నారా? నేను సరిగ్గా సరిపోయే మనిషిని పంపిస్తే మీది వద్దంది. కణితి కుదిరింది, రక్తం కుదిరింది, వయసు కుదిరింది. అయినా వద్దట!"

అతను తెర మీద కారణం చూశాడు. "ఇంట్లో తోడెవరూ లేరని ఉంది కదా. ఒంటరివాళ్ళు మధ్యలో మానేస్తున్నారు సిస్టర్. జ్వరమొస్తే చెప్పేవాళ్ళుండరు, మాత్రలు తప్పిపోతాయి. పోయినసారి ట్రయలంతా అలాగే పాడైంది. అందుకే ఆ రూలు పెట్టాను."

ఆ రూలంటే అతనికి ముద్దు. ఒక్క వరసలో రాసేశాడు. కంపెనీ వాళ్ళు చప్పట్లు కొట్టారు.

"బయటి మనిషి కూడా కాదు సార్. మన లాండ్రీ ఇస్త్రీ అక్క."

అతను తెర మీంచి తల తిప్పాడు. "ఆవిడకేమైంది?" అన్నాడు.

"ఏమైందేంటి సార్, ఎన్నాళ్ళనుంచో మన దగ్గరే మందెక్కించుకుంటోంది. దగ్గొస్తుంటే ఇస్త్రీ ఆవిరి వల్ల అనుకుందట పిచ్చి మనిషి. పాత మందులకి లొంగలేదు. ఇక ఈ ట్రయల్ ఒక్కటే దారి. చుట్టమో పక్కమో ఎవరూ లేరా అక్కా అని గుచ్చి గుచ్చి అడిగాను. 'పైన తెలిసినాయన ఒకాయన ఉన్నాడమ్మా, పెద్ద పనుల్లో ఉంటాడు, ఇబ్బంది పెట్టకండి,' అంది. అలాంటి తెలిసినవాళ్ళు ఉంటేనేం, ఊడితేనేం!"

కుర్చీ కింద ఇసక చాల్లేదు. పాదాలు దాన్ని దాటాయి, కాంక్రీటు దాటాయి. అతను నడుం దాకా, మెడ దాకా దిగిపోతుంటే నర్సు టేబుల్ అంచు మీద కాఫీ కప్పు ఒలక్కుండా పక్కకి తీసింది. "నేను మెట్ల మీద వస్తా సార్," అంది.

రెండో అంతస్తు వార్డులో ఆయా పైకప్పులోంచి వస్తున్న బూట్లు చూసి ఒక మంచం పక్కకి జరిపింది. "నెమ్మది బాబూ, సెలైన్ తగలకుండా." మొదటి అంతస్తులో బిల్లు కట్టే వరసలో ఉన్న పెద్దాయన, "వరసలో రావాలి నాయనా!" అని గదమాయించాడు. ఇతను ఆగేలా లేడని చూసి, "సరే సరే, పో," అని దారిచ్చాడు. ఇందాకటి మంచాల మధ్యే ఎక్కడో అక్క ఇన్నాళ్ళూ చేతికి సూది పెట్టించుకుని పడుకుని ఉంటుంది. అప్పుడు పైన అతను ఏం చేస్తున్నాడో గుర్తు తెచ్చుకోబోయాడు. టీ తాగుతూ ఉండి ఉంటాడు.

లాండ్రీలో దుప్పట్ల దొంతరలోంచి దిగి, మోకాళ్ళ దాకా నేలలో కూరుకుని ఆగాడు.

"మడతపెట్టిన వాటి మీదే పడాలా?" అంది అక్క. చిక్కిపోయింది. మెడ దగ్గర ఎముకలు తేలాయి. ఇస్త్రీపెట్టె ఒక చేత్తో కదలడం లేదు, రెండు చేతులతో నెడుతోంది. "మోకాళ్ళ దాకా దిగావేంట్రా? చిన్నప్పుడు మడమ దాటేది కాదు."

"నాకెందుకు చెప్పలేదక్కా?"

ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టి దగ్గింది. దగ్గు తగ్గాక, "మీకెందుకండీ చెప్పడం? తెలిసినాయన మీరు," అంది.

ఆ 'మీరు' చెంపదెబ్బలా తగిలింది. తొడల దాకా దిగాడు.

నర్సు ఆయాసపడుతూ వచ్చింది. పనివాళ్ళు చేతుల్లో బట్టలతోనే నిలబడిపోయారు. అతను అందరి ముందూ, "సిస్టర్, ఈవిడ మా అక్క. సొంత అక్క. నన్ను పెంచింది," అన్నాడు. నిజం ఒప్పేసుకుంటే కాళ్ళు పైకొస్తాయని నాన్న అనేవాడు. రాలేదు. ఈ రెండు ముక్కలు అనడానికి ఇన్నేళ్ళు పట్టిందే అన్న సిగ్గు ఇంకో బెత్తెడు లోపలికి లాగింది.

నర్సు మొహం పాలిపోయింది. ఇందాక అన్న మాటలు మింగలేక, "అయితే తోడున్నట్టేగా? మార్చేస్తాను," అంది గబగబా.

"వద్దమ్మా," అంది అక్క. "ఇవాళ ఉన్నాడని రాస్తావు. రేపు కాళ్ళు పైకొచ్చాక?"

అతను బల్ల అంచు పట్టుకున్నాడు.

"అయినా నాలాగా తోడు లేదని ఎంతమందిని కాదన్నార్రా?"

పైన తెర మీద ఆ అంకె రోజూ కనిపించేది. దాని వెనక దగ్గే మనుషులున్నారని ఏనాడూ తోచలేదు. "చాలామందిని," అన్నాడు. నడుం దాకా దిగిపోయాడు. ఇప్పుడు ఇస్త్రీ బల్ల అతని గడ్డానికి తగిలింది.

అక్కడే నిలబడి పెద్ద డాక్టరుకి ఫోన్ చేశాడు.

"సార్, తోడు రూలు తీసేద్దామనుకుంటున్నాను."

"ఎక్కణ్ణించయ్యా? ఆ బుసబుసలేంటి?"

"లాండ్రీలోంచి. మా అక్క దగ్గర్నుంచి."

"నీకు అక్క ఉందా?"

"ఉంది సార్. మీరు చూశారు. తెలిసినావిడ అని చెప్పాను."

"మరి మధ్యలో మానేస్తే?" అన్నాడు డాక్టరు మెల్లిగా.

"తోడు లేనివాళ్ళని కాదనకుండా, వీళ్ళకి తోడు కావాలి అని మనకి చెప్పేలా రాస్తాను. ఆసుపత్రి నుంచి ఎవరో ఒకరు వాళ్ళ ఇళ్ళకి వెళ్ళాలి. ముందు నన్నే పంపండి."

"రాయి. కంపెనీ వాళ్ళని ఒప్పించే పూచీ నాది."

నర్సు పైనుంచి అతని ల్యాప్‌టాప్ తెచ్చి ఇస్త్రీ బల్ల మీద పెట్టింది. నేలలో నిలబడే రాశాడు. అటు సగం బల్ల మీద అక్క దుప్పట్లు ఇస్త్రీ చేస్తూనే ఉంది. ఫోన్ పెట్టేయగానే నేల కాళ్ళు వదిలి ఉంటే అతను పైకి పోయేవాడు, ఏదో మీటింగులో పడేవాడు, రేపు చూద్దాంలే అనుకునేవాడు. తన సంగతి తనకి తెలుసు. నేల వదల్లేదు. రాయడం అయ్యేదాకా పట్టుకునే ఉంది.

కంపెనీ నానా రకాలుగా నసిగి చివరికి ఒప్పుకుంది. కంప్యూటర్ పాత వివరాలన్నీ మళ్ళీ చదివింది. కాదన్నవాళ్ళకి నర్సు ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. ఒక గోదాము కాపలాదారు, ఒక డ్రాయింగు టీచరమ్మ వచ్చారు. కొందరి ఫోన్లు ఎవరూ ఎత్తలేదు. ఎత్తనివాళ్ళ గురించి నర్సు చెబుతుంటే రూల్సాయన తల దించుకుని విన్నాడు. అక్కకి మాత్రం, సరిపోతారు అని వచ్చింది.

మొదటి మందు రోజున అతను లాండ్రీ ముందు నిలబడ్డాడు. ఆవిడ రమ్మనలేదు, పొమ్మనలేదు. చేతిసంచి మాత్రం అతనికిచ్చి నడిచింది. వరండా పొడుగునా ఆవిడకి ఆయాసం. అతనికి ఇంకా అడుగు వేసినచోటల్లా పాదం వేలెడు లోతు దిగుతోంది, పీక్కుని మళ్ళీ వేస్తున్నాడు. ఎదురొచ్చిన స్ట్రెచర్లు ఆ గుంతల్ని తప్పించుకుని పక్కనుంచి పోయాయి.

మలుపు దగ్గర ఆవిడ ఆగింది. ఊపిరి తీసుకోవడానికో, అతని కోసమో తెలియలేదు. అతను అందుకున్నాక, ముందుకే చూస్తూ అంది:

"కాళ్ళెత్తి వెయ్యరా. డాక్టరు వెళ్ళిపోతాడు."