నాన్న మానేసినవి

అమ్మ గుండెపోటుతో పోయిన ఏడాదే కూతురు వంటింట్లోంచి వెన్నని వెళ్లగొట్టింది. తర్వాత చక్కెర పోయింది, పాలు పోయాయి, గుడ్డులో పచ్చసొన పోయింది, ఆఖరికి ఉప్పు కూడా పోయింది. తన టైలరింగు కొట్టులో కుట్టుమిషను ముందు కూర్చుని, చెవిలో ఫోను పెట్టుకుని, ఆరోగ్యం గురించి ఎవరెవరో చెప్పేవి రోజంతా వినేది. తెల్లగా ఉన్నదల్లా విషమేనని ఒకడు, పెద్దవయసులో ఎంత తక్కువ తింటే అంత మంచిదని ఇంకొకడు. అమ్మను ఎలాగూ కాపాడుకోలేకపోయింది, నాన్ననైనా దక్కించుకోవాలని పట్టుబట్టింది.

నాన్నకి డెబ్భై నాలుగేళ్లు. నలభై ఏళ్లు బేకరీలో బట్టీ ముందు నిలబడ్డ మనిషి. ముంజేతుల మీద వెంట్రుకలు ఎప్పుడో మాడిపోయి మళ్లీ సరిగ్గా మొలవలేదు. బీపీ లేదు, షుగరు లేదు. బొజ్జ మాత్రం కాస్త ఉండేది.

“నాన్నా, ఇకనుంచి బ్రెడ్డు వద్దు.”

“బ్రెడ్డు వద్దా? ఆ బ్రెడ్డు కాల్చే కదే నిన్ను పెంచాను!”

“మైదా పేగులకి అతుక్కుపోతుందట.”

“అయితే నలభై ఏళ్లుగా ఊరందరి పేగులూ నేనే అతికించానన్నమాట!” అని పకపకా నవ్వాడు. కూతురి కళ్లల్లో నీళ్లు చూసి ఠక్కున ఆపేశాడు. “సరేలేమ్మా. నీ మాటే నా మాట.”

పొద్దున కీరా రసం, మధ్యాహ్నం ఉప్పులేని ఉడికిన కూరలు, సాయంత్రం ఒక ఆపిలు. రాత్రికి ఏమీ లేదు. నాన్న ఒక్కరోజు కూడా ఇదేమిటని అడగలేదు. రెండు నెలలకోసారి ఆయన ప్యాంట్ల నడుము విప్పి లోపలికి పట్టి కుట్టేది. ప్రతిసారీ టేపు చూపించి “చూశావా, ఇంకో అంగుళం!” అని మురిసిపోయేది. ఆఖరుసారి కుట్టేసరికి వెనక జేబులు రెండూ ఒకదానికొకటి తగిలేంత దగ్గరికొచ్చాయి. వీధిలో వాళ్లు కూడా మీ నాన్న కుర్రాడైపోయాడన్నారు.

మేనత్త ఒక్కతే మొహం చిట్లించింది.

“మా అన్నయ్య బుగ్గలేవే? ఎక్కడ దాచావు?”

“అది ఆరోగ్యం అత్తయ్యా.”

“ఆరోగ్యమైతే కుర్చీలోంచి లేవడానికి రెండు చేతులూ ఎందుకే?”

ఆ మాటకి ఆమెకి ఒళ్లు మండింది. మూడు వారాలు అత్తయ్యతో మాట్లాడలేదు.

నాలుగో వారంలో ఒక ఉదయం నాన్న స్నానాలగదిలో తూలి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆయన తొడని రెండు వేళ్లతో పట్టుకుని చూసింది. “ఏడాదిలో ఎంత తగ్గారు?”

“నడుము ఆరంగుళాలండీ,” అంది ఆమె. అన్నాక, తన గొంతులో ఇంకా కాస్త గర్వం మిగిలి ఉందని తనకే తెలిసొచ్చింది.

“తగ్గింది కొవ్వొక్కటే కాదమ్మా, కండ కూడా కరిగిపోయింది. రక్తంలో ఉప్పు బాగా పడిపోయింది, తూలింది అందుకే కావచ్చు. ఇంత వయసులో ఇలా చిక్కిపోవడమే ప్రమాదం. పాలూ గుడ్లూ ఎవరు మానమన్నారు?”

“ఎవరూ అనలేదండీ. నేనే.”

“చాలామంది ఇలాగే అనుకుంటారులెండి,” అంది డాక్టరమ్మ, ఓదార్పుగానే.

ఆ రోజు నుంచి ఆమె మంచం పక్కన కూర్చుని బతిమాలింది. వెన్న రాసిన బ్రెడ్డుని పాలల్లో నానబెట్టి, ఉడికిన గుడ్డు ముక్కలు చేసి, చెంచాతో పెదాల దాకా తీసుకెళ్లేది.

“ఇంకొక్కటి నాన్నా. అన్నీ తినొచ్చట. డాక్టరుగారే చెప్పారు.”

“తినాలనే ఉందమ్మా. ఆకలే ఎటో పోయింది.” ఒక ముక్క గుడ్డు నాలుక మీద ఉంచుకుని చాలాసేపు నమల్లేదు. “ఉప్పు వేశావా?”

“వేశాను నాన్నా.”

“బావుంది,” అని కళ్లు మూసుకున్నాడు. మింగాడో లేదో తెలుసుకోవడానికి ఆమె ఆయన గొంతుకేసే చూస్తూ కూర్చుంది.

పదకొండో రోజు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి పోయాడు.

పలకరించడానికి వచ్చినవాళ్లలో, నాన్న దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు ఆ బట్టీ చూసుకుంటున్నాయన ఒకడు. వెళ్లడానికి లేవబోతూ అన్నాడు.

“మాస్టారు రోజూ సాయంత్రం వచ్చేవారమ్మా.”

“నడకకి కదా వెళ్లేది?”

“మా దగ్గరికే వచ్చేవారు. వేడి బన్ను చేతిలో పెడితే వాసన చూసి తిరిగిచ్చేసేవారు. తినండి మాస్టారూ, ఇంట్లో ఎవరికి తెలుస్తుంది అనేవాణ్ణి. ‘వాళ్లమ్మ పోయాక పిల్లకి నిద్ర లేదురా. నేను దాని మాట విన్నప్పటి నుంచీ కంటినిండా పడుకుంటోంది. ఆ నిద్ర పాడుచెయ్యమంటావా?’ అనేవారు.”

ఆమె గోడకి ఆనుకుని అలాగే నేల మీదికి జారింది. దొంగచాటుగా తిని ఉండకూడదా! అబద్ధం ఆడి ఉండకూడదా! ఒక్క బన్ను, రోజుకి ఒక్కటి. వచ్చినాయన ఏం చెయ్యాలో తోచక గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

నెల తర్వాత కొట్టు తెరిచింది. కోటు సరిచేయించుకోవడానికి ఒకావిడ వచ్చింది. పక్క వీధే అయినా నాన్న పోయిన సంగతి చేరలేదు కాబోలు, నవ్వుతూ సంచిలోంచి కలం తీసింది.

“మీ నాన్నగారు ఎంత నాజూగ్గా అయ్యారండీ! మా అమ్మకీ డెబ్భై దాటాయి. ఆయన చేత ఏమేం మాన్పించారో చెప్తే రాసుకుంటాను.”

ఆమె కత్తెర కింద పెట్టింది. స్టూలు ముందుకు జరిపింది.

“కూర్చోండి,” అంది. వెన్న దగ్గర మొదలుపెట్టి, దేన్నీ వదలకుండా, నాన్న పోయినరోజు దాకా అంతా చెప్పింది. ఆవిడ కలం మూసేసింది.

“అయ్యో,” అంది ఆవిడ చివరికి. “మీరు కావాలని చేసింది కాదుగా.”

“కాదండీ,” అంది ఆమె. “చాలా శ్రద్ధగా చేశాను.”