కరెంటు ఎల్లయ్య కోడలు

భానూర్‌లో ఎవరింట్లో లైటు పోయినా, బోరు మోటారు కాలినా, పెళ్లి పందిట్లో సీరియల్ బల్బులు వెలగకపోయినా ఇరవై ఏళ్లుగా అందరి నోటా వచ్చే పేరు ఒకటే, కరెంటు ఎల్లయ్య. పటాన్‌చెరులోని ఒక పైపుల ఫ్యాక్టరీలో అతను ఎలక్ట్రీషియన్. పొద్దుటి షిఫ్టు ముగించుకుని మూడున్నరకు ఊళ్లోకి వచ్చేసరికి ఎవరో ఒకరు అరుగు మీద కూర్చుని ఉండేవారు. చాయ్ కూడా తాగనివ్వరని భార్య నర్సింహమ్మ దగ్గర విసుక్కునేవాడు గానీ, ఎవరూ రాని రోజు అతనికి పొద్దుపోయేది కాదు.

కొడుకు సాయికిరణ్ ముత్తంగి దగ్గర ఒక గోదాములో సూపర్‌వైజర్. అతని పెళ్లయి ఏడాదిన్నర. కోడలు నిషిత ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చదివింది. సర్క్యూట్ బోర్డులు చేసే చిన్న కంపెనీలో రెండేళ్లు పనిచేసింది. అది మూతపడ్డాక ఇంట్లోనే ఉంటూ, ఇంటి వెనక రేకుల షెడ్డులో అత్తతో కలిసి నాటుకోళ్లు పెంచుతోంది.

షెడ్డులో రెండు వందల కోళ్లు, గోడకు రెండు ఫ్యాన్లు. ఎండాకాలం మొదలైతే ఆ ఫ్యాన్లతోనే పెద్ద తిప్పలు. తెల్లవారుజామున జోరుగా తిరిగితే కోడిపిల్లలు చలికి ఒకదాని మీద ఒకటి ఎక్కి నలిగిపోతాయి. మధ్యాహ్నం నెమ్మదిగా తిరిగితే పెద్ద కోళ్లు నోళ్లు తెరుచుకుని రొప్పుతాయి. నర్సింహమ్మ రోజుకు పదిసార్లు వంట వదిలేసి వెళ్లి రెగ్యులేటర్ తిప్పి వచ్చేది.

“ఏమయ్యా, ఊరందరి కరెంటు సూస్తవు. ఇంట్ల నా పరేషాన్ సూడవా?” అని మార్చి నెలలో ఒకరోజు అడిగింది.

“ఆదివారం సూస్త తియ్” అన్నాడు ఎల్లయ్య.

రెండు ఆదివారాలు గడిచాయి. మూడో వారం మధ్యలో అతను డ్యూటీ నుంచి వచ్చేసరికి నర్సింహమ్మ గుమ్మంలోనే చెయ్యి పట్టుకుని షెడ్డులోకి తీసుకుపోయింది. స్విచ్‌బోర్డు పక్కన ఒక ప్లాస్టిక్ టిఫిన్ డబ్బా బిగించి ఉంది. దానిలోంచి సన్నటి వైరు ఒకటి కోళ్ల ఎత్తు దాకా వేలాడుతోంది. వైరు చివర నల్లటి తొడుగులో శనగగింజంత ముక్క. నర్సింహమ్మ వేడి చాయ్ గ్లాసును దాని దగ్గరికి తెచ్చింది. మెల్లగా తిరుగుతున్న ఫ్యాన్లు ఎవరూ ముట్టకుండానే జోరందుకున్నాయి. గ్లాసు పక్కకు తీసింది. కాసేపటికి మళ్లీ నెమ్మదించాయి.

“సూసినవా? నా కోడలు చేసింది!”

నిషిత వెనకనే నిలబడి ఉంది. “లైటు వెలుగు తగ్గించే పాత డిమ్మరే మామయ్యా. చేత్తో తిప్పే దాని జాగల వేడిని పసిగట్టే ముక్క పెట్టిన. ఎండ ఎంత పెరిగితే ఫ్యాను గంత జోరు తిరుగుతది” అంది.

ఎల్లయ్య ఫ్యాన్ల వైపు చూశాడు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో తనకు ఈ ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. “మంచిగనే ఉంది” అని, కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. చాయ్ ఎందుకో చేదుగా ఉందన్నాడు.

ఆ వారం నుంచి నర్సింహమ్మ నోట వేరే మాట లేదు. పాలు పోసే మనిషికి చెప్పింది. చుట్టాలకు ఫోన్‌లో వీడియో తీసి పంపింది. నా కోడలు అనే మాట రోజుకు ఎన్నిసార్లు వస్తోందో ఎల్లయ్య తనకు తెలియకుండానే లెక్కపెట్టసాగాడు. ఒకరోజు పక్క వీధిలో పిండిగిర్ని నడిపే రాజవ్వ వచ్చింది. తనకోసమే అనుకుని ఎల్లయ్య టెస్టర్ జేబులో పెట్టుకుని లేచాడు.

“ఎల్లన్నా, నీ కోడలు ఉన్నదా? గిర్ని మోటారు కాగుతాంది. గసోంటి ఫ్యానే పెట్టించుకుందామని” అంది రాజవ్వ.

ఆ గిర్ని మోటారును నాలుగుసార్లు విప్పి బాగుచేసింది ఎల్లయ్య. అతను లోపలికి చేత్తో చూపించి, టెస్టర్ తీసి గూట్లో పడేశాడు.

మర్నాడు పటాన్‌చెరులో ఒక థర్మోస్టాట్ కొని తెచ్చాడు. కంపెనీలో తయారైన వస్తువు, గ్యారంటీ ఉందని రెండుసార్లు చెప్పి, డబ్బా వైర్లు తప్పించి దాన్ని బిగించాడు. అయితే దానికి తెలిసింది రెండే పనులు. వేడెక్కితే ఫ్యాన్లు ఒక్కసారిగా పూర్తి జోరుతో లేస్తాయి, చల్లబడితే ఆగిపోతాయి. అవి లేచిన ప్రతిసారీ కోళ్లు బెదిరి మూలకు ఉరికాయి. సాయంత్రానికి ఒక పెట్ట కాలు తీగల జాలీలో ఇరుక్కుని వాచింది.

“నీది టప్పున లేస్తది, టప్పున ఆగుతది. నిషితదే మంచిగుంది” అంది నర్సింహమ్మ. ఆమె ఎకసెక్కం కోసం అనలేదు. ఏ పప్పు బాగా ఉడుకుతుందో చెప్పినట్టు చెప్పింది. అందుకే అది అతనికి మరీ గుచ్చుకుంది. మర్నాడు డ్యూటీ నుంచి వచ్చేసరికి మళ్లీ ఆ టిఫిన్ డబ్బానే పనిచేస్తోంది.

ఏప్రిల్ రెండో ఆదివారం గుడ్లు ఏరడానికి ఎల్లయ్య షెడ్డులోకి వెళ్లాడు. వేలాడే వైరు దగ్గర వంగినప్పుడు అతని కన్ను దాని చివర ఆగింది. కోళ్లు పొడిచి పొడిచి నల్ల తొడుగును చీల్చేశాయి. లోపల రాగి మెరుస్తోంది. ఆ డబ్బాలో కరెంటును తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ లేదని, ఇంటి కరెంటు సీదాగా ఆ ముక్కదాకా వస్తుందని అతనికి మొదటిరోజే తెలుసు. తొడుగు గట్టిగా ఉన్నంతవరకే అది క్షేమం. చెయ్యి దానంతటదే స్విచ్ వైపు లేచింది.

అదే సమయానికి గోడ అవతల నుంచి మాటలు వినిపించాయి.

“ఎంతైనా ఎల్లన్నది పాత కాలం పనే బిడ్డా” అంటోంది రాజవ్వ.

“గట్లనకు పెద్దమ్మా. మామయ్య వింటె మనసుల పెట్టుకుంటడు, పాపం” అంది నిషిత.

పాపం. ఎల్లయ్య చెయ్యి కిందికి దిగింది. ఒక కోడి చస్తుందిలే, లేకపోతే ఫ్యూజు ఎగురుతుంది, అప్పుడు ఎవరిని పిలుస్తారో చూద్దాం అనుకున్నాడు. కోడి గురించే అనుకున్నాడు. అంతకు మించి ఆలోచన పోనివ్వలేదు. గుడ్ల బుట్ట తీసుకుని బయటికి వచ్చి, షెడ్డు తలుపు దగ్గరికి వేశాడు.

సోమవారం ఫ్యాక్టరీలో ఫోన్ మోగిన ప్రతిసారీ ఇంటి నుంచేమో అనుకున్నాడు. ఏమీ కాలేదు. మంగళవారం ఒంటిగంటకు మోగింది.

“మామయ్యా...” అంది నిషిత. “అత్తమ్మకు షాక్ కొట్టింది. జల్దీ రండ్రి. పటాన్‌చెరు దవాఖానకు తీసుకపోతున్నం.”

కోళ్లకు చల్లగా ఉండాలని నర్సింహమ్మ గోనెపట్టాలు తడిపి షెడ్డు లోపల చుట్టూ కడుతోంది. అడ్డం వచ్చిన వైరును తడిచేత్తో పక్కకు జరపబోయింది. షాక్ విసిరికొట్టిన విసురుకు నీళ్ల డ్రమ్ము అంచు మీద పడింది. కేక విని ఉరికొచ్చిన నిషిత ముందు మెయిన్ స్విచ్ ఆపి, తర్వాతే అత్తను ముట్టుకుంది. నర్సింహమ్మ అరచేయి కాలింది. మణికట్టు విరిగింది. గుండె చప్పుడు సరిగ్గా ఉందో లేదో చూడాలని, సాయంత్రం దాకా పడుకోబెట్టాలని డాక్టరు చెప్పాడు.

వరండాలో నిషిత గోడకు ఆనుకుని కూర్చుంది. చీర కుచ్చిళ్లు తడిసి బురదగా ఉన్నాయి. “నేనే చేసిన మామయ్యా. నాదే తప్పు” అంది.

సాయికిరణ్ గోదాము నుంచి యూనిఫాం మీదనే వచ్చాడు. తల్లిని చూసి బయటికి వచ్చి నిషిత మీద విరుచుకుపడ్డాడు. “నీకెందుకు ఈ కరెంటు పనులు? ఇంట్ల నాయన లేడా? ఆయనకంటె ఎక్కువ తెలుసా నీకు?”

నెలరోజులుగా ఎల్లయ్య ఎవరో ఒకరి నోట వినాలని కోరుకున్న మాట అది. కొడుకు అందరి ముందూ, అంత గట్టిగా అన్నాడు. ఎల్లయ్య తలుపు గాజులోంచి మంచం మీది భార్య కట్టు చెయ్యిని చూస్తూ నిలబడ్డాడు. నోరు తెరవలేదు.

ఆ రాత్రి కూడా తెరవలేదు. మర్నాడు నిషిత డబ్బా పీకి, సోల్డరింగ్ సామానంతా ఒక సంచిలో వేసి, పాతసామాను కొనేవాడు వస్తే ఇచ్చేయడానికి గడప పక్కన పెట్టింది. వంటగదికీ షెడ్డుకూ మధ్య తిరుగుతూ రెగ్యులేటర్ తనే తిప్పింది. పరామర్శకు వచ్చిన రాజవ్వ పోతూ పోతూ, “పనంటె ఎల్లన్నదే. పిల్లలకేం తెలుస్తది” అంది. ఎల్లయ్యకు కొంచెం కూడా సంతోషం కలగలేదు. కోడలి చెవిన ఆ మాట పడిందేమోనని వెనక్కి తిరిగి చూశాడు. పడింది.

రాత్రి అందరూ అన్నానికి కూర్చున్నారు. కుడిచేతికి కట్టు ఉంది కాబట్టి నర్సింహమ్మకు నిషిత కలిపి ముద్దలు పెడుతోంది. ఎల్లయ్య కంచంలో చెయ్యి పెట్టి తీసేశాడు.

“నేను ఆదివారమే సూసిన” అన్నాడు.

“ఏం సూసినవు?” అంది నర్సింహమ్మ.

“ఆ వైరు తొడుగు. కోళ్లు పొడిసినయి. రాగి బయటికొచ్చింది. ముట్టుకుంటె కొడ్తదని నాకెరుకే.”

సాయికిరణ్ తినడం ఆపాడు. “మరెందుకు చెప్పలేదు నాయనా?”

మరిచిపోయానని చెప్పవచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. “నిషితకు చెడ్డపేరు రావాలని” అన్నాడు ఎల్లయ్య. “అందరు దాన్నే మెచ్చుకుంటుంటె ఓర్వలేకపోయిన. కోడికి కొడ్తదనుకున్న.”

“నేను సస్తె?” అంది నర్సింహమ్మ.

ఆమె ఎడమచేత్తో నేలను ఊతంగా పట్టుకుని లేచి గదిలోకి వెళ్లిపోయింది.

నిషిత చేతిలోని ముద్దను కంచంలో పెట్టింది. ఆమె కళ్లలో నీళ్లున్నా గొంతు మాత్రం గట్టిగానే పలికింది. “నిన్నటి నుంచి అత్తమ్మ మొఖం చూడలేక సస్తున్న మామయ్యా. మీరు నా ఎదురుంగనే కూసోని తింటున్నరు.” లేచి గడప దగ్గరికి వెళ్లి, సామాను సంచి మళ్లీ లోపలికి తెచ్చుకుంది.

పది రోజులు నర్సింహమ్మ భర్తతో మాట్లాడలేదు. ఏం కావాలన్నా కోడలితో చెప్పించింది. సాయికిరణ్ భార్యకు క్షమాపణ చెప్పుకున్నాడు. గొడవ మాత్రం అంత సులువుగా తెగలేదని వాళ్ల గదిలోంచి వచ్చే మాటలే చెప్పాయి. నిషిత మళ్లీ పనిలో పడింది. ఈసారి వేడిని పసిగట్టే సెన్సర్‌కు ఇంటి కరెంటు తగలకుండా, ఫోన్ చార్జర్‌లోంచి వచ్చే అయిదు వోల్టుల మీద నడిచేలా వేరే బోర్డు కట్టింది. ఎల్లయ్యను ఏమీ అడగలేదు. అతను అరుగు మీద కూర్చుని సోల్డరింగ్ పొగ వాసన పీలుస్తూ ఉండేవాడు. అంత జరిగాక కూడా, ఆమె చేతివేగం చూస్తే లోపల ఎక్కడో మండేది. దానికి అతను సిగ్గుపడేవాడు.

ఒక ఆదివారం ఆమె బోర్డును తెచ్చి అతని ముందు పెట్టింది.

“దీంట్ల ఏమేం తప్పులున్నయో చూడుండ్రి మామయ్యా. తప్పులు మీకు మంచిగ కనబడ్తయి. ఈసారి నోటితోని చెప్పుండ్రి.”

ఎల్లయ్య గంటసేపు మీటరు పెట్టి చూశాడు. తప్పు దొరకాలనే చూశాడు. సెన్సర్ వైరులో భయపడాల్సింది ఏమీ లేదు. లోపలికి వచ్చే కరెంటుకు ఫ్యూజు మాత్రం లేదు. వైరును పైపులోంచి తెచ్చి చివర జాలీ పంజరం పెడితే కోళ్లు పొడవవన్నాడు. షాక్ తగిలిన వెంటనే కరెంటును ఆపేసే బ్రేకరు ఇంటి బోర్డులో ఇన్నేళ్లుగా లేకపోవడం తన తప్పేనన్నాడు. డబ్బా ఇనుముది అయితే మేలని కూడా అన్నాడు. ఇనుమైతే వైరు తగిలి డబ్బాకే కరెంటు ఎక్కుతుంది, ప్లాస్టిక్కే క్షేమమని నిషిత వాదించింది. చివరికి ఆమె చెప్పిందే నిజమని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఒప్పుకున్నాడు గానీ చురుక్కుమంది.

బ్రేకరు అతను బిగించాడు. మిగతాది ఆమె చేసింది. ఆన్ చేయబోతుంటే నర్సింహమ్మ వచ్చి స్విచ్‌కు అడ్డంగా నిలబడింది.

“ఇద్దరు సూసిన్రా?” అంది. అడిగింది భర్తనే.

“సూసినం” అన్నాడు ఎల్లయ్య.

“ఏం దాసిపెట్టలే కద?”

“లేదు.”

ఆమె పక్కకు జరిగింది.

మే నెల ఎండకు ఆ షెడ్డులో రెండు కోళ్లే పోయాయి. జూన్‌లో నర్సింహమ్మ కట్టు విప్పారు. వేళ్లు పూర్తిగా ముడుచుకోవడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. ఆలోగా బీరంగూడలో కోడిపిల్లలు అమ్మే ఒకాయన నిషితను తన షెడ్డుకు కూడా పెట్టమని అడిగాడు. ఎల్లయ్య ఆమెను బండి మీద తీసుకెళ్లాడు. వాళ్లు చేరినప్పటి నుంచి ఆయన మేడమ్, మేడమ్ అంటూ ఆమెతోనే మాట్లాడాడు. ఎల్లయ్యను హెల్పర్ అనుకుని నిచ్చెన తెమ్మన్నాడు.

ఎల్లయ్య నిచ్చెన తెచ్చి గోడకు వేశాడు. ఆయన పక్కకు వెళ్లాక మెల్లగా అన్నాడు. “బిడ్డా, నిన్ను మెచ్చుకుంటుంటె నాకు ఇంకా మండుతది. అబద్ధమెందుకు.”

“తెలుసు మామయ్యా. మొఖంల కనబడ్తది” అంది నిషిత. టెస్టర్ నోట కరుచుకుని రెండు మెట్లు ఎక్కి, నిచ్చెన కదులుతోందేమోనని ఆగి చూసి, టెస్టర్ చేతిలోకి తీసుకుంది. “జెర గట్టిగ పట్టుకోండ్రి.”

ఎల్లయ్య రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆమె పైకి ఎక్కింది.